ఏడో పాఠం

అక్కకు,

నీ చెల్లి దండాలు పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ, మీ మరిదీ, పిల్లదీ తిని తిరుగుతూ బాగానే ఉన్నాం. నువ్వూ బావా కూడా అలాగే ఉన్నారన్న ధైర్యంతో మొదలుపెడుతున్నాను. బావ మోకాలి కట్టు విప్పేశారా? అందరి మేడలకూ రంగులేసి ఒక్కసారీ జారని మనిషి సొంత వంటింట్లో స్టూలు మీంచి పడ్డాడని విని మీ మరిది రెండు రోజులు నవ్వాడు. నేను కోప్పడ్డాను. కోప్పడుతూనే నేనూ నవ్వాను. బావకు ఈ ముక్క చదివి వినిపించకు. ఆ మాటకొస్తే ఈ ఉత్తరంలో ఏ ముక్కా వినిపించకు. నువ్వొక్కదానివే ఉన్నప్పుడు చదువు.

నా దగ్గు తగ్గింది. నువ్వు చెప్పినట్టు మంచం కిటికీ పక్కనుంచి జరిపాను. పిల్లదానికి కళ్లజోడు వచ్చింది. పెట్టుకున్న మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "అమ్మా, నీ ముఖం మీద ఇన్ని గీతలున్నాయా!" అంది. పెద్దమ్మ అల్లిన స్వెటరు చేతులు పొట్టివైనా విప్పనంటోంది. పళ్లు తోముకుంటూ కూడా అదే వేసుకుంటోంది.

ఇక నువ్వడిగిన మూడో సంగతి. "దుఃఖం వినడానికి కూడా ట్రైనింగా? చెవులుంటే చాలదటే?" అని రాశావు. చాలదట. మన ఆదివాసీ కుటుంబాల బాధలు వినడానికి ప్రత్యేకంగా కౌన్సెలర్లను తయారుచేస్తున్నారు కదా, అందులో ఏం నేర్పుతారో చెబుతాను విను.

మాది రెండో అంతస్తులో పొడుగాటి గది. నేలంతా కార్పెట్. ఎప్పుడో తడిసి ఆరినట్టుంది, తడి కుక్క వాసన వస్తుంది. ఇరవై రెండు ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేస్తారు. మధ్యలో చిన్న బల్ల, దాని మీద కన్నీళ్లు తుడుచుకునే కాగితాల డబ్బా. గోడకు పసుపుపచ్చ ముఖాల బొమ్మ ఒకటి. నవ్వే ముఖం, ఏడ్చే ముఖం, కోపం ముఖం. బాధలో ఉన్నవాళ్లు తమ ముఖం ఏదో వేలు పెట్టి చూపించాలట. మూడు మాటలకోసారి తల ఊపాలి. ఐదు మాటలకోసారి "మీ బాధ నాకు అర్థమవుతోంది" అనాలి. మొదటి వారం ఇంట్లో ప్రాక్టీసు చేస్తుంటే, మీ మరిది గారేజీ నుంచి వచ్చి బస్సు క్లచ్ సంగతి చెబుతున్నాడు. నేను తల ఊపి ఆ మాటే అన్నాను. "నీకేం అర్థమైందే? నాకే అర్థం కాలేదు!" అన్నాడు.

మాకు పాఠం చెప్పే ఆయనకు నేను పెట్టుకున్న పేరు కన్నీళ్ల మాస్టారు. మన జనం కాదు. ముప్పై ఏళ్ల కిందట మనవాళ్ల మధ్య మూడు నెలలున్నాడట. ఆ మూడు నెలలే ఇప్పటికీ తింటున్నాడు. ఎవరో పెద్దాయన ఇచ్చిన పూసల తాడు చొక్కా పైన వేసుకుంటాడు, లోపల కాదు. క్లాసులో ఎవరైనా ఇంటి కష్టం చెబితే ఆయన కళ్లు నీళ్లతో నిండుతాయి. సరిగ్గా అప్పుడే, సరిగ్గా అంతే. బుగ్గ మీదికి జారనిచ్చి ఒక్క క్షణం ఆగుతాడు, అందరూ చూశాకే తుడుచుకుంటాడు. మొదట్లో నాకు గౌరవం అనిపించింది. తర్వాత చొంగ కారినట్టు అనిపించింది. నిజం అక్కా. మనవాళ్ల చావుల మాట వస్తే ఆ మనిషికి నోరూరుతోందేమో అనిపించేది.

బ్యాచ్ మొత్తంలో మన జనం నేనొక్కదాన్నే. ఏ మాట వచ్చినా "ఇప్పుడు మన సోదరి చెబుతుంది" అని నా వైపు తిప్పేవాడు. నేను నోరు తెరిచేలోపే "చూశారా, ఆ మౌనం!" అనేవాడు. నేనింకా గొంతు సవరించుకుంటూ ఉండేదాన్ని.

ఇదంతా చదివి నువ్వు నవ్వుకుంటుంటే ఇక్కడితో ఆపెయ్యాలని ఉంది. కానీ నువ్వు నాలుగో ప్రశ్న అడిగావు. "మరిది ఫోన్లో చెప్పాడు, నువ్వు ఫస్టొచ్చావటగా! నాకెందుకు రాయలేదు? ఏం రాసి ఫస్టొచ్చావే?" అన్నావు. నువ్వు పనిచేసే డిపోలో అందరికీ చెప్పుకున్నావట కూడా. ఆ వాక్యం చదివినప్పటి నుంచి నీకు ఉత్తరం రాయాలంటే చెయ్యి రావడం లేదు. మూడు కాగితాలు మొదలుపెట్టి చించేశాను.

నిన్ను రాశానక్కా.

చలికాలం ముందు మాకొక పని ఇచ్చారు. "మీ కుటుంబంలోని ఒక గాయం" గురించి నాలుగు పేజీలు రాయాలి. మిగతావాళ్లు తాత తాగుడు గురించి, ఆస్తి తగాదాల గురించి రాశారు. నేను కూడా నాన్న గురించి రెండు పేజీలు రాశాను, చప్పగా ఉంది. నాకు ఫస్టు కావాలనిపించింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు, కత్తి పెట్టి అడగలేదు. ఆ మాస్టారు నా వైపు చూసి ఏడవాలనిపించింది. అంతే. నాన్న పేజీలు పక్కన పడేసి, అమ్మ చనిపోయిన ఏడాది పెరట్లో దుప్పట్లు పిండుతూ నువ్వు నాకు చెప్పింది రాశాను. "ఇది నీ కడుపులోనే ఉండాలి, అమ్మక్కూడా చెప్పలేదు" అని నువ్వన్నావు. ఆ మాట కూడా రాశాను. అది రాస్తే ఇంకా బాగుంటుందనిపించింది.

నేనేం రాశానో నీకు తెలియాలి కనక ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, తట్టుకో. నిన్ను జీపులో ఎక్కించి తీసుకెళ్లిన ఆ హాస్టలు బడిలో, నీకు తొమ్మిదేళ్లప్పుడు, జబ్బు గదిలో ఆరేళ్ల పిల్ల దగ్గర నిన్ను కూర్చోబెట్టారని రాశాను. ఆ పిల్ల జ్వరంతో మన మాటలో నీళ్లడిగిందనీ, వార్డెనమ్మ గుమ్మంలో నిలబడి "బడి మాటలో అడిగితేనే ఇవ్వు. నువ్వు తెలివైనదానివి, నేర్పు" అందనీ రాశాను. నువ్వు కప్పు పట్టుకుని ఆ మాట మూడుసార్లు పలికి వినిపించావనీ, ఆ పిల్ల పెదవులు తిరగలేదనీ, గంట కొట్టేదాకా కప్పు నీ చేతిలోనే ఉందనీ. మర్నాటికి ఆ మంచం మీద ఉతికిన దుప్పటి ఉందనీ, ఆ పిల్ల ఏమైందో ఎవరూ చెప్పలేదనీ, నెలాఖరున నీకు మంచి నడవడిక బిళ్ల ఇచ్చారనీ రాశాను. పేరు రాయలేదు, "మా బంధువు ఒకరు" అన్నాను. అదే నా మర్యాద.

మాస్టారు అది పైకి చదివాడు. రెండు కళ్లూ కారాయి. ఈసారి తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. నాకు ఫస్టు ఇచ్చారు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ నేను సంతోషపడ్డాను అక్కా. నిన్ను తలుచుకోలేదు.

మూడు నెలల తర్వాత కొత్త పుస్తకాలు పంచారు. పై అట్ట మీద ఎవరివో ముడతల చేతులు. లోపల ఏడో పాఠం. శీర్షిక "మౌన సాక్షి". నా నాలుగు పేజీలూ అచ్చయి ఉన్నాయి. చివర ప్రశ్నలు. మొదటిది: "ఆ బాలిక చేయగలిగి ఉండి చేయని మూడు పనులు రాయండి." రెండోది: "ఆమె అపరాధ భావాన్ని ఒకటి నుంచి పది వరకు కొలవండి." కింద చిన్న చిన్న గళ్లు. నీ తొమ్మిదేళ్ల చేతిలోని కప్పును గళ్లు గీసి కొలవమంటున్నారు.

అయినా లేచి బయటికి పోలేదు. పోతే అక్కడితో సగం పాపం తగ్గేది. మధ్యాహ్నం పాఠాన్ని నాటకంలా వేయించారు. బ్యాంకు ఉద్యోగం మానేసి వచ్చిన ఆవిడ రెండు కుర్చీలు కలుపుకుని పడుకుంది, ఆమె జ్వరం పిల్ల. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన అమ్మాయి కాగితం కప్పు పట్టుకుంది, ఆమె నువ్వు. వార్డెనమ్మ ఎవరంటే మాస్టారు నా వైపు తిరిగి, "కథ మన సోదరికే బాగా తెలుసు, ఆవిడే చెయ్యాలి" అన్నాడు.

వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"జ్వరం ఇంకొంచెం కనపడాలమ్మా," అన్నాడు మాస్టారు పడుకున్నావిడతో. ఆవిడ మూలిగింది. ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. కప్పు పిల్ల నా వైపు చూసింది. నేను అన్నాను. "బడి మాటలో అడిగితేనే ఇవ్వు." నా గొంతు చాలా గట్టిగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. పడుకున్నావిడ లేచి, బట్టలు దులుపుకుని, బిస్కెట్ల ప్లేటు దగ్గరికి వెళ్లింది.

నేను బాత్రూముకు పోయి వాంతి చేసుకున్నాను. అద్దంలో చూసుకుంటే గడ్డం మీద ఎంగిలి, కళ్లల్లో నీళ్లు. ఆ నీళ్లు చూస్తే అచ్చం మాస్టారి నీళ్లలాగే ఉన్నాయి, ఉమ్మెయ్యాలనిపించింది. ముఖం కడుక్కుని తిరిగొచ్చి నేనూ ఒక బిస్కెట్ తీసుకుని తిన్నాను. అదీ నీకు తెలియాలి. తిన్నాను.

ఆ వారమే నన్ను మొదటిసారి పనికి పంపారు. మనవాళ్ల కాలనీ చివర రేకుల ఇంట్లో ఒక అవ్వ ఉంది. ఆమె మనవరాళ్లిద్దర్ని ఇంట్లో సరిగా చూసుకోవడం లేదని పిల్లల సంరక్షణ ఆఫీసువాళ్లు తీసుకుపోయారు. కౌన్సెలరు ముందు ఎనిమిదిసార్లు కూర్చుని మాట్లాడితేనే తిరిగిస్తారట. మా జాబితాలో మన మాట వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, అందుకని నాకిచ్చారు. ఇల్లు అద్దంలా ఉంది. చిన్న పిల్లల చెప్పులు రెండు జతలు గుమ్మం పక్కన కడిగి బోర్లించి ఉన్నాయి.

అవ్వ నన్ను తేరిపార చూసి, "నేను చెప్పింది ఎక్కడికి పోతుంది?" అని అడిగింది.

"ఎక్కడికీ పోదవ్వా. ఈ గది దాటదు," అన్నాను. మాకు నేర్పిన మాట అది. నా సంచిలో ఏడో పాఠం ఉంది.

"సంచిలో ఏమున్నాయి?"

"పుస్తకాలవ్వా."

"ఆ పుస్తకాల్లో ఎవరున్నారు?"

సంచిని నా వెనక్కి జరుపుకున్నాను. ఆమెకేమీ తెలియదు, ఊరికే అడిగింది. జీవితమంతా ఆఫీసువాళ్లు రాసుకుపోతుంటే చూసిన మనిషి అడగదా మరి? ఆ రోజు గంటసేపు ఇద్దరం ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్నాం. ఫారంలో "సంభాషణ బాగా జరిగింది" అని గీత పెట్టాను. పెట్టకపోతే ఆమె లెక్కలో ఒక రోజు పోతుంది కనక పెట్టాను. అయినా ఆ గీత చూస్తే రోత పుట్టింది.

మర్నాడు డైరెక్టరు మేడం దగ్గరికి పోయాను. ఆ పాఠం తీసెయ్యమన్నాను.

"పేరు లేదు కదమ్మా, ఇబ్బందేముంది?" అంది, చేతులకు ఏదో మందు రాసుకుంటూ.

"ఆ మనిషి నన్ను ఎవరికీ చెప్పొద్దంది మేడం."

"అయితే ఆవిడే వచ్చి, తన కథే అని సంతకం పెట్టి అభ్యంతరం చెప్పాలి. రూలు అది."

నిన్ను బయటికి లాగితే తప్ప నిన్ను లోపల దాచరట. నాకు ఒళ్లు మండిపోయింది. మా బ్యాచ్‌లో ఒక నర్సమ్మ ఉంది, ఇరవై ఐదేళ్లు ఆసుపత్రిలో చేసి రిటైరైంది. మాటలు తక్కువ, రూళ్ల పుస్తకం మొత్తం చదివిన ఒకే ఒక్క మనిషి. ఆమెను అడిగితే చివరి పేజీ తీసి వేలు పెట్టింది. కల్పించి రాసిన పని అని తేలితే దాన్ని వెంటనే తొలగిస్తారు, రాసినవాళ్ల మీద చర్య తీసుకుంటారు అని ఉంది.

ఒక రాత్రి ఆలోచించుకుని, పొద్దున పోయి కాగితం రాసిచ్చాను. "ఏడో పాఠంలో ఉన్నదంతా నేను కల్పించినది. అటువంటి బంధువు నాకు లేదు. అటువంటి సంఘటన జరగలేదు." కింద సంతకం, తేదీ.

మాస్టారు ఉగ్రుడైపోయాడు. "అబద్ధానికి నన్ను ఏడిపించావా!" అని కారిడార్లో అరిచాడు. ఆయన బాధంతా తన కన్నీళ్లు మోసపోయాయని. ఆ పిల్ల లేదని తెలిస్తే ఒక మనిషికి హాయి అనిపించాలి కదక్కా, అమ్మయ్య, ఎవరికీ జరగలేదు అని. ఆయనకు కోపం వచ్చింది. పూసల తాడు ఎగిరెగిరి పడింది. అప్పుడు ఒక్కసారి నాకు అసహ్యం కూడా వెయ్యలేదు, జాలేసింది.

నా ఫస్టు తీసేశారు. ఆరు నెలలు రావద్దన్నారు. తర్వాత కావాలంటే కొత్త బ్యాచ్‌తో మళ్లీ మొదటి నుంచి చేరొచ్చు, "ఈసారి నిజమైన గాయం" రాసి ఇవ్వాలట. స్టోరు గదిలో కూర్చుని ప్రతి పుస్తకంలోంచీ ఏడో పాఠం బ్లేడుతో నేనే కోశాను. నర్సమ్మ తోడు కూర్చుంది. ఆ కాగితాలు నా కళ్ల ముందే ముక్కలు చేసే మెషిన్లో వేశారు. అప్పటికే ఇళ్లకు పట్టుకుపోయినవి కొన్ని ఉంటాయి. అవి నేను తేలేను. నీకు అబద్ధం చెప్పను.

వెళ్లేముందు అవ్వకు చెప్పడానికి పోయాను, ఇకమీదట వేరేవాళ్లు వస్తారని.

"నిన్నెందుకు తీసేశారు?"

"మా అక్క నమ్మి చెప్పిన మాట బయట పెట్టానవ్వా. తిరిగి లోపలికి తెచ్చుకోడానికి, అది అసలు జరగనే లేదని రాసిచ్చాను."

మెచ్చుకుంటుందనుకున్నాను. సిగ్గు లేకుండా అదే అనుకున్నాను. అవ్వ ముఖం చిట్లించింది, కుళ్లిన పండు కొరికినట్టు.

"మొదటిసారి దాని నోట్లోంచి లాక్కున్నావు. రెండోసారి దానికి నోరే లేదన్నావు. నాకెందుకు చెబుతున్నావే ఇదంతా? పోయి దానికి చెప్పు."

అందుకే రాస్తున్నాను. ఆమె అనేదాకా ఆ రెండోది నాకు తట్టలేదు. ఆఫీసు ఫైల్లో ఇప్పుడొక కాగితం ఉంది. నీకు జరిగింది జరగలేదని, నువ్వు లేవని, నీ సొంత చెల్లెలి చేతిరాతతో. ఆ హాస్టలువాళ్లు ఇన్నేళ్లుగా అంటున్నదీ అదే కదా. వాళ్లకు కావలసిన సాక్ష్యం నేనిచ్చాను. ఈ సంగతి ఇంట్లో మీ మరిదికి కూడా మొన్ననే చెప్పాను. ఆయన, "రాసెయ్యి, దాచకు" అన్నాడు.

నన్ను క్షమించమని అడగడం లేదు. "పర్లేదులే చెల్లీ" అని రాయకు, నీ మంచితనం నాకు తెలుసు, అది వద్దు. తిట్టాలనుంటే తిట్టు. మాట్లాడాలని లేకపోతే మానెయ్యి. పిల్లదానికి మాత్రం రాస్తూ ఉండు, దాని తప్పేం లేదు. నీకు కావాలంటే నేను మళ్లీ ఆఫీసుకు పోయి, ఆ రెండో కాగితమే అబద్ధమని ఇంకో కాగితం రాసిస్తాను. అప్పుడు నన్ను ఎప్పటికీ తీసుకోరు, పాఠం మళ్లీ అచ్చు వేస్తారో వెయ్యరో తెలియదు. అది నువ్వు తేల్చాలి, నేను కాదు.

ఆ శిక్షణలోకి మళ్లీ పోతానా అంటే, ఇప్పుడు చెప్పలేను. ఆ గది తలుచుకుంటే ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. కానీ అవ్వ దగ్గరికి ఇప్పుడు పంపినమ్మాయికి మన మాట ఒక్క ముక్క రాదు. ఎనిమిదిసార్లూ పసుపు ముఖాల బొమ్మ చూపిస్తుంది. అది తలుచుకున్నా ఒళ్లు కంపరమే.

ఇంకొక్కటి మిగిలింది. స్టోరు గదిలో పేజీలు కోస్తున్నప్పుడు నర్సమ్మ తల ఎత్తకుండానే అంది, "నువ్వు రాసిచ్చిన కాగితం నేను నమ్మలేదు. కల్పించేవాళ్లకు గంట కొట్టేదాకా కప్పు చేతిలోనే ఉందని తట్టదు." తర్వాత కాసేపటికి, "నా మొదటి పోస్టింగు ఆ హాస్టలు పిల్లల్ని తెచ్చే ఆసుపత్రిలోనే. చేరిన ప్రతి పిల్ల పేరూ, ఏమైందీ రాసిన రిజిస్టర్లు రికార్డు గదిలో ఇంకా ఉన్నాయి. అక్కడి గుమాస్తా నాకు తెలుసు. ఏ ఏడాదో చెప్పు, చూద్దాం" అంది.

చెప్పలేదక్కా. ఏడాది నాకు తెలుసు, ఆ పిల్ల పేరు కూడా నువ్వు చెప్పావు, నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆ పిల్ల జ్వరం తగ్గి ఇంటికి పోయిందో, పోలేదో, ఒక వరసలో రాసి ఉండొచ్చు. అది తెలుసుకోవాలో వద్దో చెప్పాల్సింది నువ్వు. చూడమంటే చూస్తాను, చూసింది నీకొక్కదానికే చెబుతాను. నువ్వే వచ్చి చూస్తానంటే గుమ్మం దాకా తోడొచ్చి బయట నిలబడతాను. నీ దగ్గర్నుంచి ఏ జవాబూ రాకపోతే వద్దన్నావనే అనుకుంటాను, ఆ మాట మళ్లీ ఎత్తను.

ఇట్లు,
ఈసారి ముందుగా అడుగుతున్న
నీ చెల్లెలు